ఫాగింగ్‌కు చావని దోమలు: జన్యు పరీక్ష ఎప్పుడు, దేనికి చేయాలి?

మేడం గారికి నమస్కారం. మీ ప్రశ్న పొడవుగా ఉంది కనుక, ఇతరులకూ ఉపయోగపడుతుందని దాని సారాంశం ముందుగా రాస్తున్నాను. కావలిలో మీ కళాశాల చుట్టుపక్కల వీధుల్లో తరచుగా మలాథియాన్ పొగ వదులుతున్నా దోమలు తగ్గడం లేదు. ఇళ్ళలో పెట్టుకునే బిళ్ళలు, ద్రావణాలు కూడా పని చేయడం లేదని, దోమలు మందుకు అలవాటు పడిపోయాయని అందరూ అంటున్నారు. మీ ఎమ్మెస్సీ విద్యార్థులు పీసీఆర్ (డీఎన్ఏలోని ఒక ముక్కను ఎన్నో ప్రతులు చేసి చూసే పరీక్ష) ద్వారా కేడీఆర్ జన్యువును (కొన్ని మందులకు దోమ కూలబడకుండా చేసే మార్పులు వచ్చే జన్యువును) పరీక్షిస్తే ఈ మాట నిజమో కాదో తేలుతుందా, తేలితే ఆ ఫలితం చూపించి మందు మార్చమని పురపాలక సంఘాన్ని అడగవచ్చా అన్నది మీ సందేహం.

తేలుతుంది, కానీ మీరు అనుకున్న దారిలో తేలదు. దోమల నియంత్రణ క్షేత్రంలోనూ, ఆ తరువాత ప్రయోగశాలలోనూ చాలా ఏళ్ళు గడిపిన అనుభవంతో చెబుతున్నాను: మీ వీధిలో వదిలే పొగలో ఉన్నది మలాథియాన్ అయితే, కేడీఆర్ జన్యువుకూ ఆ పొగకూ ఏ సంబంధమూ లేదు. కేడీఆర్ ఉత్పరివర్తనలు, అంటే ఆ జన్యువులో వచ్చే మార్పులు, డీడీటీకి, పైరిత్రాయిడ్లు అనే మందుల కుటుంబానికి సంబంధించినవి. మలాథియాన్ పని చేసే చోటు వేరు, దానికి నిరోధకత పుట్టే తీరు వేరు. విద్యార్థులు ఏడాదంతా శ్రమపడి కేడీఆర్ ఫలితం తెచ్చినా, ఆ కాగితం పొగ గురించి ఒక్క మాట కూడా చెప్పదు. అది మీ ఇళ్ళలో ప్లగ్గుకు తగిలించే ద్రావణాల గురించి మాత్రమే ఏదైనా చెప్పగలదు, ఎందుకంటే వాటిలో ఉండే ట్రాన్స్‌ఫ్లుత్రిన్, ప్రాలెత్రిన్ వంటివి పైరిత్రాయిడ్లు.

అందువల్ల ముందు తెలియవలసినవి రెండు: మీరు మాట్లాడుతున్నది ఏ దోమ గురించి, దాని మీద పడుతున్నది ఏ మందు. ఈ రెండూ తేలాక, దోమను ఆ మందుకు గురిచేసి బతుకుతుందో లేదో చూడాలి. బతికిందని తేలిన తరువాతే, ఎందుకు బతికిందని అడగడానికి జన్యు మార్కర్, అంటే నిరోధకతకు గుర్తుగా నిలిచే డీఎన్ఏ మార్పు, పనికొస్తుంది. ఈ వరస తారుమారైన ప్రాజెక్టులు మన విశ్వవిద్యాలయాల్లో చాలా ఉన్నాయి, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దోమ సంగతి చూద్దాం. కావలి వంటి పట్టణంలో రాత్రిపూట జనాన్ని నిద్రపోనివ్వనిది ఎక్కువగా క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్. అది మురుగు కాలువల్లో, సెప్టిక్ ట్యాంకుల్లో పెరుగుతుంది, బోదకాలును మోస్తుంది. డెంగీ, చికున్‌గున్యా తెచ్చే ఏడిస్ ఈజిప్టై పగటిపూట కుడుతుంది. అది డ్రమ్ముల్లో, సంపుల్లో, పాత టైర్లలో, కూలరు తొట్టెల్లో పుట్టి, ఇంటి లోపల బట్టల వెనుక, మంచాల కింద నీడలో కూర్చుంటుంది. ఇక మలేరియాను మోసే అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ పల్లెల దోమ. సంగం ఆనకట్ట నుంచి వచ్చే కావలి కాలువ వెంట, పొలాల పక్క నిలిచిన తేటనీళ్ళలో పెరిగి, పగలు పశువుల కొట్టాల్లో గోడలకు అంటిపెట్టుకుని ఉంటుంది. పట్టణాల్లో మేడల మీది ట్యాంకుల్లో పెరిగే మలేరియా దోమ అనాఫిలిస్ స్టీఫెన్సై. ప్రకాశం జిల్లాలో చీమకుర్తి గ్రానైటు క్వారీ గుంతల్లో నిలిచే నీళ్ళు అనాఫిలిస్ దోమలకు అనువైనవి. కనిగిరి, పామూరు వైపు ఫ్లోరైడు సమస్య వల్ల, నీటి కొరత వల్ల ట్యాంకరు నీళ్ళను రోజుల తరబడి నిల్వ పెట్టుకునే ఇళ్ళు ఏడిస్‌కు అనువైనవి. ఈ దోమలన్నీ ఒకే ప్రాంతంలో ఉన్నా వాటి మీద పడే మందులు వేరు, అందువల్ల వాటిలో పుట్టే నిరోధకత కూడా వేరుగానే ఉంటుంది.

పొగకు దోమలు చావకపోవడానికి నిరోధకత ఒక్కటే కారణం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. డీజిల్‌లో కలిపిన మలాథియాన్ పొగ, ఎగురుతున్న దోమకు తుంపర తగిలితేనే చంపుతుంది. ఎండ కాస్తున్నప్పుడు వదిలితే వేడిగాలితో పైకి లేచిపోతుంది, గాలి వీస్తే పక్క వీధికి పోతుంది. తలుపులు మూసిన ఇంట్లో మంచం కింద కూర్చున్న ఏడిస్‌కు వీధిలోని పొగ అసలు చేరదు. అందుకే ఇంటి లోపల పిచికారీకి పైరెత్రమ్ సారాన్ని ఒక వంతుకు పందొమ్మిది వంతుల కిరోసిన్ కలిపి వాడే పద్ధతి మన జాతీయ కార్యక్రమంలో వేరుగా ఉంది. పొగబండి వెళ్ళిన మర్నాడు కూడా దోమలున్నాయి కనుక నిరోధకత ఉందని తీర్మానించడం తొందరపాటు అవుతుంది.

ఇప్పుడు జన్యువుల విషయానికి వస్తాను. నాడీకణాల పొరలో సోడియం అయాన్లను లోపలికి వదిలే మార్గాలు ఉంటాయి. సంకేతం వెళ్ళగానే అవి మూసుకోవాలి. డీడీటీ గానీ పైరిత్రాయిడ్ గానీ ఆ ప్రోటీనును పట్టుకుంటే, చెరువు తూముకు తలుపు కిందికి దిగకుండా రాయి అడ్డుపెట్టినట్టు, అది తెరుచుకునే ఉండిపోతుంది. నాడులు ఆగకుండా సంకేతాలు పంపుతూ ఉండడంతో దోమ వణికి, కూలబడి చస్తుంది. ఆ ప్రోటీనులో మందు పట్టుకునే చోట ఒక అమైనో ఆమ్లం మారితే మందుకు పట్టు దొరకదు. దీనినే నాక్‌డౌన్ నిరోధకత, క్లుప్తంగా కేడీఆర్ అంటారు. దీనిని మొదట అర్థం చేసుకున్నది ఇంటి ఈగల్లో. అందుకే ఈనాటికీ దోమల్లో ఏ స్థానం మారిందని చెప్పినా ఇంటి ఈగ ప్రోటీనులోని సంఖ్యనే వాడతారు. ఎల్1014ఎఫ్ అంటే 1014వ స్థానంలో ల్యూసిన్ ఉండవలసిన చోట ఫినైల్‌అలనిన్ ఉందని అర్థం. ఎల్1014ఎస్ అంటే అదే చోట సెరీన్ ఉందని. డీఎన్ఏలో చూస్తే తేడా ఒక్క అక్షరమే: అనాఫిలిస్‌లో టీటీఏ అనే కోడాన్ (ఒక అమైనో ఆమ్లాన్ని సూచించే మూడు డీఎన్ఏ అక్షరాలు) టీటీటీ అయితే మొదటిది, టీసీఏ అయితే రెండవది.

మన దేశంలో అనాఫిలిస్ క్యులిసిఫేసిస్‌లో ఈ రెండూ ఉన్నాయి. ఒడిశా దోమల్లో ఈ రెండింటితో పాటు వి1010ఎల్ అనే మరొక మార్పు కూడా ఉన్నట్టు 2010లో ప్రచురితమైంది. స్టీఫెన్సైలో కూడా 1014వ స్థానపు మార్పులు మన దేశంలో నమోదయ్యాయి, క్యూలెక్స్ క్వింక్విఫేసియేటస్‌లోనూ ఎల్1014ఎఫ్ ఉంది. కనుక ఈ మూడింటిలో 1014వ స్థానం చూడడం సమంజసం.

ఏడిస్‌కు వచ్చేసరికి కథ మారుతుంది. ఇక్కడే చాలామంది విద్యార్థులు డబ్బు వృథా చేసుకుంటారు. ఏడిస్ ఈజిప్టైలో 1014వ స్థానపు కోడాన్ టీటీఏ కాదు, సీటీఏ. అది ఫినైల్‌అలనిన్ కావాలన్నా, సెరీన్ కావాలన్నా ఒకేసారి రెండు అక్షరాలు మారాలి. అటువంటిది ప్రకృతిలో జరగడం చాలా అరుదు. అందుకని ఏడిస్ వేరే దారులు వెతుక్కుంది. ఆసియాలో ముఖ్యమైనవి ఎఫ్1534సి, వి1016జి, దానితో జంటగా కనిపించే ఎస్989పి. లాటిన్ అమెరికాలో 1016వ స్థానంలోనే వి1016ఐ అనే వేరే మార్పు ప్రధానం. మన దేశంలో ఢిల్లీ ఏడిస్‌లో ఎఫ్1534సి, దానితో కలిసి టి1520ఐ కనిపించాయి. బెంగళూరు ఏడిస్‌లో ఎఫ్1534సి, ఎస్989పి, వి1016జిలతో పాటు ఎఫ్1534ఎల్ అనే కొత్త మార్పు కూడా బయటపడి 2020లో ప్రచురితమైంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఏడిస్ మీద పని చేయదలచినవారు ఈ స్థానాల నుంచే మొదలుపెట్టాలి.

వీటికి బలం ఒకేలా ఉండదన్నది గుర్తుపెట్టుకోవలసిన విషయం. ఎఫ్1534సి ఒక్కటే ఉన్న దోమకు పెర్మెత్రిన్ వంటి మొదటి తరహా పైరిత్రాయిడ్ల నుంచి రక్షణ ఎక్కువ, డెల్టామెత్రిన్ వంటి రెండవ తరహా వాటి నుంచి తక్కువ. ఎస్989పి ఒంటరిగా ఉంటే పెద్దగా ఏమీ చేయదు, వి1016జితో కలిస్తే దాని బలం పెంచుతుంది. ఎస్989పి, వి1016జి, ఎఫ్1534సి మూడూ ఒకే ప్రోటీనులోకి వచ్చేలా ప్రయోగశాలలో కప్ప అండకణాల్లో కట్టి చూసినప్పుడు, పెర్మెత్రిన్‌కు ఆ ప్రోటీను స్పందన సుమారు 1100 రెట్లు, డెల్టామెత్రిన్‌కు సుమారు 90 రెట్లు తగ్గింది. అందువల్ల ఒక్క 1534వ స్థానం చూసి, మార్పు ఉంది కనుక డెల్టామెత్రిన్ పనికిరాదని రాయడం తప్పు, లేదు కనుక పనికొస్తుందని రాయడం అంతకంటే పెద్ద తప్పు. వియత్నాం, కంబోడియా ఏడిస్‌లో ఎల్982డబ్ల్యూ అనే చాలా బలమైన మార్పు 2022లో వెలుగులోకి వచ్చింది. పాత స్థానాలు మాత్రమే చూసే పరీక్షకు అది కనిపించదు.

ఇక మీ అసలు ప్రశ్నలోని మలాథియాన్. ఇది ఆర్గానోఫాస్ఫేటు. ట్యాంకుల్లో, తొట్లలో లార్వాల కోసం వేసే టెమిఫాస్ కూడా అదే జాతి. ఇవి నాడీ సంధుల్లో ఎసిటైల్‌కోలిన్‌ను విరిచే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమును బంధిస్తాయి. ఆ ఎంజైమును తయారు చేసే ఏస్-1 జన్యువులో జి119ఎస్ అనే మార్పు, అంటే 119వ స్థానంలో గ్లైసిన్ బదులు సెరీన్ రావడం, ఆర్గానోఫాస్ఫేట్లకు, అదే ఎంజైమును బంధించే కార్బమేట్లు అనే మందులకు కలిపి నిరోధకతనిస్తుంది. 2003లో దీనిని క్యూలెక్స్ పైపియన్స్‌లో, అనాఫిలిస్ గాంబియేలో గుర్తించారు. ఇక్కడ కూడా కోడాన్ సంగతి ముఖ్యమే: క్యూలెక్స్‌లో ఆ చోట జీజీసీ ఉంటుంది, ఏజీసీ కావడానికి ఒక్క అక్షరం మారితే చాలు. ఏడిస్ ఈజిప్టైలో జీజీఏ ఉంటుంది కనుక సెరీన్ కావాలంటే రెండు మారాలి. కాబట్టి మురుగు కాలువల క్యూలెక్స్‌లో జి119ఎస్ వెతకడం మంచి ఆలోచన, ఏడిస్‌లో వెతకడం దాదాపు నిష్ఫలం.

అయితే ఆర్గానోఫాస్ఫేట్ల విషయంలో లక్ష్యస్థానం మారడం కంటే మందును విరిచేసే శక్తి పెరగడమే చాలా చోట్ల ప్రధానం. క్యూలెక్స్‌లో ఎస్టరేజ్ (ఇటువంటి మందులను విరిచే ఎంజైము) జన్యువులు ఒకటికి పదులు, కొన్ని రకాల్లో వందల ప్రతులుగా పెరిగిపోయి, ఆ ఎంజైము పుష్కలంగా తయారై మందును మధ్యలోనే పట్టేస్తుంది. ఎస్టర్-2 అనే రూపం ఒకచోట పుట్టి, మనుషుల రాకపోకలతో పాటు ఖండాలు దాటి వ్యాపించింది. ఏడిస్‌లో టెమిఫాస్ నిరోధకతకు సీసీఈఏఈ3ఏ అనే ఎస్టరేజ్ జన్యువు ప్రతులు పెరగడంతో సంబంధం ఉంది. శ్రీలంకలోని అనాఫిలిస్ క్యులిసిఫేసిస్‌లో మలాథియాన్‌ను ప్రత్యేకంగా విరిచే కార్బాక్సిలెస్టరేజ్‌ల వల్ల నిరోధకత వచ్చింది. వీటిని పట్టడానికి ఒక అక్షరం మారిందా అని చూసే పీసీఆర్ చాలదు, జన్యువు ఎన్ని ప్రతులున్నదో, ఎంత చురుగ్గా పని చేస్తున్నదో కొలిచే పద్ధతులు కావాలి. అది కుదరని ప్రయోగశాలలో, దోమను నలిపి ఎస్టరేజ్ చర్యను రంగు మార్పుతో కొలిచే పాత జీవరసాయన పరీక్ష చక్కగా ఉపయోగపడుతుంది. ఆధునికం కాదని దానిని పక్కన పెట్టవద్దని విద్యార్థులకు చెప్పండి.

పైరిత్రాయిడ్లకు కూడా ఇటువంటి మరో దారి ఉంది. సైటోక్రోమ్ పి450 అనే ఎంజైముల కుటుంబం వాటిని ఆక్సీకరణతో విరిచేస్తుంది. ఆఫ్రికాలోని అనాఫిలిస్ ఫ్యునెస్టస్‌లో సీవైపీ6పీ9ఏ, సీవైపీ6పీ9బి జన్యువుల చురుకుదనాన్ని పెంచే మార్పులను గుర్తించి, పీసీఆర్‌తో పట్టగలిగే పరీక్షలు తయారు చేశారు. అదే దోమలో జీఎస్‌టీఈ2 జన్యువులోని ఎల్119ఎఫ్ మార్పు డీడీటీ నిరోధకతకు గుర్తు. ఇవన్నీ ఆ దోమకు కట్టిన పరీక్షలు. వాటి ప్రైమర్లను (పీసీఆర్‌లో వెతికే చోటును పట్టుకునే చిన్న డీఎన్ఏ ముక్కలను) తెచ్చి మన క్యులిసిఫేసిస్ మీద వేస్తే ఏమీ రాదు, వస్తే ఇంకా ప్రమాదం, దానికి అర్థం ఉండదు. మన దోమల్లో ఈ దారి ఉందో లేదో తెలుసుకోవడానికి అందుబాటులో ఉన్న మార్గం పైపెరోనిల్ బ్యూటాక్సైడు, అంటే పీబీఓ. అది పి450 ఎంజైములను అడ్డుకుంటుంది. దోమలను ముందు ఒక గంట పీబీఓ పూసిన కాగితానికి, తరువాత డెల్టామెత్రిన్ పూసిన కాగితానికి గురిచేస్తే, అంతకుముందు బతికినవి ఇప్పుడు చస్తున్నాయంటే పి450ల హస్తం ఉన్నట్టే. కొంత మాత్రమే పెరిగితే కేడీఆర్ వంటి మరొక కారణం కూడా తోడై ఉందని అనుమానించాలి. ఈ పరీక్షను మలాథియాన్‌కు ఇలాగే అన్వయించవద్దు. మలాథియాన్ దోమ ఒంట్లోకి వెళ్ళాక పి450ల చేతనే అసలు విషంగా, అంటే మలాక్సాన్‌గా మారుతుంది. పీబీఓ ఆ మార్పునే అడ్డుకుంటుంది.

ఇంతవరకు రెండుమూడుసార్లు ప్రస్తావించిన కాగితాల పరీక్షే మీ ప్రాజెక్టుకు పునాది కావాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్ధతిలో మందు పూసిన కాగితాలను మలేషియాలోని పెనాంగ్‌లో ఉన్న విశ్వవిద్యాలయ విభాగం తయారు చేసి పంపుతుంది. మూడు నుంచి ఐదు రోజుల వయసున్న, రక్తం తాగని ఆడదోమలను ఇరవై నుంచి ఇరవైఐదు చొప్పున గొట్టాల్లో పెట్టి, గంటసేపు కాగితానికి గురిచేసి, తరువాత చక్కెర నీళ్ళ దూది పెట్టిన గొట్టంలోకి మార్చి, ఇరవైనాలుగు గంటలకు చచ్చినవాటిని లెక్కపెడతారు. మందు గొట్టాలు నాలుగు, మందు లేని నూనె కాగితపు గొట్టాలు రెండు ఉండాలి. 98 శాతం లేదా అంతకంటే ఎక్కువ చస్తే దోమలు మందుకు లొంగుతున్నట్టు, 90 కంటే తక్కువ చస్తే నిరోధకత ఖాయమైనట్టు. మధ్యలో ఉంటే అనుమానం, మళ్ళీ చేయాలి. కాగితంపై మందు మోతాదు దోమ జాతిని బట్టి మారుతుంది. అనాఫిలిస్‌కు డెల్టామెత్రిన్ 0.05 శాతం, ఏడిస్‌కు 0.03 శాతం. ఒకదానికి తెప్పించినవి రెండవదానికి వాడితే లెక్క మొత్తం చెడిపోతుంది.

మన వాతావరణం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. పరీక్ష గది 27 డిగ్రీల దగ్గర, రెండు డిగ్రీల తేడాకు మించకుండా, గాలిలో తేమ 75 శాతం ఉండాలి. మే నెల కావలిలో ఫ్యాను కింద చేసిన పరీక్షకు విలువ లేదు. వేడికి దోమలు వాటంతట అవే చస్తాయి, పైరిత్రాయిడ్ల విషప్రభావం కూడా ఉష్ణోగ్రతతో మారిపోతుంది. ఏసీ గదిలో చేస్తే గాలి పొడిబారుతుంది కనుక గొట్టాల చుట్టూ తడిపిన తువ్వాళ్ళు కప్పండి, పక్కనే తేమమాపకం పెట్టి గంట గంటకూ అంకెలు రాయించండి. మన దక్షిణ కోస్తాలో అసలు వానలు ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు వరకు పడతాయి కాబట్టి, ఏడిస్ సేకరణకు అదే అనువైన కాలం, పరీక్ష గదిని అదుపులో పెట్టడమూ అప్పుడే తేలిక.

సేకరణలో జరిగే పెద్ద పొరపాటు, ఒకే డ్రమ్ము నుంచి లార్వాలన్నీ తెచ్చుకోవడం. అవి చాలావరకు ఒకటి రెండు తల్లుల సంతానం కావచ్చు. అప్పుడు మీరు కొలిచేది ఊరి దోమల జన్యు స్థితి కాదు, ఒక కుటుంబానిది. వేర్వేరు వీధుల్లో వీలైనన్ని ఎక్కువ ఇళ్ళ నుంచి, ఒక్కో పాత్ర నుంచి కొన్నే తీసుకోండి. క్యులిసిఫేసిస్ కావాలంటే తెల్లవారుజామున టార్చిలైటు, పీల్చే గొట్టం పట్టుకుని పశువుల కొట్టాలకు వెళ్ళాలి. పట్టిన దోమలతో గుడ్లు పెట్టించి, వాటి పిల్లలను పరీక్షకు వాడితే వయసు సరిగ్గా తెలుస్తుంది. ఆ పల్లెల్లో వరికి కాండం తొలుచు పురుగు కోసం, సుడిదోమ కోసం, మిరపకు తామరపురుగు కోసం ఏ మందులు కొడుతున్నారో రైతులను అడిగి రాసుకోండి. పొలంలో కొట్టిన సైపర్‌మెత్రిన్, క్లోర్‌పైరిఫాస్ వంటివి అక్కడి నీళ్ళలోని లార్వాల మీద కూడా ఒత్తిడి తెస్తాయి, ఆరోగ్యశాఖ ఏ మందూ చల్లని ఊళ్ళో నిరోధకత కనిపించడానికి అది ఒక కారణం కాగలదు. ఇంకొక హెచ్చరిక: రొయ్యల గుంటల పరిసరాల్లో విద్యార్థులు పైరిత్రాయిడ్లతో ఏ ప్రయోగమూ చేయకూడదు. అవి రొయ్యలకు అతి స్వల్ప మోతాదులోనే ప్రాణాంతకం, మీ ప్రాజెక్టు వల్ల ఒక రైతు పంట పోకూడదు.

కాగితాల పరీక్ష ముగిశాక చచ్చినవాటినీ, బతికినవాటినీ వేరువేరుగా, ఒక్కో దోమను ఒక్కో చిన్న గొట్టంలో సిలికా జెల్ మీద దాచండి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఊరు కనుక సిలికా గుళికలు త్వరగా నీలం నుంచి గులాబీ రంగుకు తిరుగుతాయి, తిరగగానే మార్చాలి. లేకపోతే బూజు పట్టి డీఎన్ఏ పాడవుతుంది. చీటీ మీద పెన్సిలుతోనే రాయించండి, ఆల్కహాలు తగిలితే పెన్ను సిరా పోతుంది. కేడీఆర్ పీసీఆర్‌కు దోమ కాలు ఒక్కటి చాలు. మిగిలిన ఒళ్ళు తరువాతి పరీక్షలకు అలాగే ఉంచండి. అనాఫిలిస్ క్యులిసిఫేసిస్ అని మనం పిలిచేది నిజానికి ఏ, బి, సి, డి, ఈ అనే ఐదు కవల జాతుల సమూహం. చూపుకు అన్నీ ఒకటే, కానీ బి జాతి చాలాచోట్ల మలేరియాను మోయడంలో బలహీనం. అదే డీఎన్ఏతో జాతి నిర్ధారణ పీసీఆర్ కూడా చేయకపోతే, మలేరియా తేని దోమలోని నిరోధకతను చూసి ఆందోళన పడే అవకాశం ఉంది.

ప్రయోగశాలలో అల్లీల్-నిర్దిష్ట పీసీఆర్ మీకు అందుబాటులో ఉండే పద్ధతి. మామూలు రూపానికి ఒక ప్రైమరు, మారిన రూపానికి ఒకటి, బయటి వైపు రెండు కలిపి ఒకే గొట్టంలో నడుపుతారు. అగరోజ్ జెల్ మీద అన్ని దోమల్లోనూ పైన ఒక ఉమ్మడి గీత కనిపించాలి. అది లేని దోమ ఫలితాన్ని లెక్కలోకి తీసుకోకూడదు. దాని కింద మామూలు గీత మాత్రమే ఉంటే నిరోధక రూపం లేదు, మారిన గీత మాత్రమే ఉంటే రెండు ప్రతులూ మారాయి, రెండు గీతలూ ఉంటే ఒక ప్రతి మారింది. ప్రతి జెల్‌లోనూ ముందే తెలిసిన ఈ మూడు రకాల నమూనాలు, డీఎన్ఏ లేని ఖాళీ గొట్టం ఒకటి నడపకుండా వచ్చిన ఫలితాన్ని నేనైతే ఒప్పుకోను. కొన్ని దోమలకు తప్పనిసరిగా శాంగర్ సీక్వెన్సింగ్ (డీఎన్ఏ అక్షరాలను వరసగా చదివే పద్ధతి) చేయించండి. బెంగళూరులో ఎఫ్1534సితో పాటు ఎఫ్1534ఎల్ ఉన్నట్టు చెప్పాను. సి కోసం కట్టిన ప్రైమరు ఎల్‌ను మామూలుదిగా చూపించవచ్చు, ఆ సంగతి సీక్వెన్సు చూస్తే తప్ప తెలియదు.

అంకెలను చదివే తీరు ఒక ఊహాజనిత ఉదాహరణతో చెబుతాను. నలభై దోమల్లో ఇరవైరెండింటిలో మార్పు లేదు, పద్నాలుగింటిలో ఒక ప్రతి మారింది, నాలుగింటిలో రెండూ మారాయి అనుకుందాం. మొత్తం ఎనభై ప్రతుల్లో పద్నాలుగు, ఎనిమిది కలిపి ఇరవైరెండు మారాయి, అంటే 27.5 శాతం. దోమలన్నీ తమలో తాము ఎంపిక లేకుండా జతకడితే ఏ రకం ఎన్ని ఉండాలో చెప్పే హార్డీ-వైన్‌బర్గ్ లెక్క ప్రకారం ఒక ప్రతి మారినవి సుమారు పదహారు, రెండూ మారినవి సుమారు మూడు ఉండాలి, కనుక మన అంకెలు దానికి దగ్గరగానే ఉన్నాయి. ఒక ప్రతి మారినవి ఉండవలసినదానికంటే మరీ తక్కువగా వస్తే, తమలో తాము జతకట్టని రెండు గుంపులను, బహుశా రెండు కవల జాతులను, ఒకటిగా కలిపేశారేమోనని వెనక్కి వెళ్ళి చూడాలి. కానీ ఈ 27.5 శాతం అన్న అంకె ఒంటరిగా మందు పని చేస్తుందో లేదో చెప్పదు. అసలు విలువ, కాగితం మీద బతికిన దోమల్లో మార్పు శాతం చచ్చినవాటికంటే స్పష్టంగా ఎక్కువ ఉందా అన్న పోలికలో ఉంది. ఎక్కువ ఉంటే ఆ మార్కర్ మీ ఊరి దోమల్లో నిజంగా పని చేస్తున్నట్టు. రెండింటిలోనూ ఒకేలా ఉంటే, వాటిని బతికిస్తున్నది వేరే ఏదో. మార్పు దాదాపు అన్ని దోమల్లోకి పాకిపోయిన చోట కూడా ఈ పోలిక ఏమీ చూపదు. అక్కడ పీబీఓ పరీక్షకు, ఎంజైమ్ పరీక్షకు వెళ్ళాలి.

అయినా మార్కర్లకు ఒక అమూల్యమైన ఉపయోగం ఉంది, అందుకే మీ ఉత్సాహాన్ని నిరుత్సాహపరచడం లేదు. కేడీఆర్ ప్రభావం చాలావరకు అంతర్గతం, అంటే రెండు ప్రతులూ మారితేనే దోమకు పూర్తి రక్షణ. మార్పు అరుదుగా ఉన్న కాలంలో అది ఒక్కో ప్రతిగానే దాగి ఉంటుంది, కాగితాల పరీక్షలో దోమలన్నీ చస్తాయి, అంతా బాగుందని అనిపిస్తుంది. పీసీఆర్ మాత్రం అప్పుడే దానిని పట్టుకుంటుంది. మందు మార్చడానికి సమయం మిగిలి ఉండేది అప్పుడే. డీల్‌డ్రిన్ అనే పాత పురుగుమందు వాడకం ఆగిపోయి దశాబ్దాలు గడిచినా దానికి సంబంధించిన ఆర్‌డీఎల్ జన్యువులోని ఏ296ఎస్ వంటి మార్పులు అనాఫిలిస్‌లో ఇంకా మిగిలి ఉన్నాయి. ఒకసారి వ్యాపించిన మార్పు మందు ఆపగానే పోతుందనుకోవడానికి వీల్లేదు. డీడీటీ మన మలేరియా కార్యక్రమంలోకి 1953లో వచ్చింది, ఆ దశాబ్దం ముగిసేలోపే గుజరాత్ క్యులిసిఫేసిస్‌లో దానికి నిరోధకత కనిపించింది. ఆ దోమ ఆనాడు డీడీటీ వల్ల ఎదుర్కొన్న ఒత్తిడి పడింది పైరిత్రాయిడ్లు పట్టుకునే ఆ సోడియం మార్గం మీదే.

పురపాలక సంఘానికి ఏం చెప్పాలో చివరిగా రాస్తాను. ముందు మలాథియాన్ కాగితాలతో క్యూలెక్స్‌ను, ఏడిస్‌ను వేరువేరుగా పరీక్షించండి. క్యూలెక్స్ 90 శాతం కంటే తక్కువ చస్తే జి119ఎస్ పీసీఆర్, ఎస్టరేజ్ పరీక్ష చేయండి. ఏడిస్‌ను అదనంగా డెల్టామెత్రిన్‌కు, పీబీఓతోనూ అది లేకుండానూ పరీక్షించి, 989, 1016, 1534 స్థానాలు చూడండి. మీ నివేదికలో మరణాల శాతం మొదట రావాలి, జన్యువులు తరువాత. జిల్లా మలేరియా అధికారి అడిగే మొదటి ప్రశ్న మందు పని చేస్తుందా అనేదే. జి119ఎస్ గట్టిగా ఉందని తేలితే, మలాథియాన్ నుంచి మరొక ఆర్గానోఫాస్ఫేటుకో కార్బమేటుకో మారడం వల్ల లాభం లేదని చెప్పండి. కేడీఆర్ గట్టిగా ఉంటే ఒక పైరిత్రాయిడ్ నుంచి మరొక పైరిత్రాయిడ్‌కు మారి ప్రయోజనం ఉండదు. మురుగులో, నిల్వనీటిలో లార్వాలకు వాడే బీటీఐ అనే బాక్టీరియా మందు పని చేసే తీరు ఈ రెండు రకాల మందులకూ భిన్నం, కనుక ఈ మార్పులేవీ దానికి అడ్డు కావు. దోమలు చావడం లేదని మీ పరీక్షలో తేలితే పొగ ఖర్చును అటు మళ్ళించమని అడగడానికి మీ దగ్గర గట్టి ఆధారం ఉన్నట్టే. ఒకవేళ 98 శాతం పైగా చస్తే, మందు బాగానే ఉంది, పొగ దోమకు చేరడం లేదని రాసి, ఏ వేళకు, ఏ వీధుల్లో, ఇంటి లోపలా బయటా ఎలా పిచికారీ చేస్తున్నారో ఆ వివరాలను నివేదికకు జతచేయండి. ప్రైమర్లు తెప్పించే ముందు మీ మొదటి కాగితాల పరీక్ష అంకెలు ఇక్కడ రాయండి, ఏ స్థానాల పరీక్ష మొదలుపెట్టాలో వాటిని చూసి చెబుతాను.